గాయం మూసేలోపే తేలాల్సిన మాట

"ఒకసారి కరెంటు పెట్టిన చోట మళ్ళీ పెట్టకూడదంట." కరెంటు అంటే ఇక్కడ రేడియేషన్. నోటి క్యాన్సరో గొంతు క్యాన్సరో తిరగబెట్టిన ఇళ్ళల్లో ఈ మాట వినపడుతూనే ఉంటుంది. నెల్లూరులో పినాకిని ఎక్కి, స్కాన్ ఫిల్ములు సంచీలో పెట్టుకుని చెన్నై సెంట్రల్లో దిగేసరికే అది తీర్పైపోయి ఉంటుంది. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం సమయానికి చెవిన పడకపోవడం వల్ల, కొందరికి దక్కాల్సిన అవకాశం ఆపరేషన్ బల్ల మీదే చేజారిపోతోంది.

ఆ మిగతా సగం ఇది. తిరగబెట్టిన గడ్డని కోసి తీశాక, గాయం ఇంకా తెరిచి ఉండగానే, గడ్డ ఉన్న చోట సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు వరసగా పరవొచ్చు. ఐదారు రోజులు ఆగి వాటి గుండా రేడియేషన్ ఇచ్చి, పని అయ్యాక గొట్టాలు లాగేయొచ్చు. దీన్నే బ్రాకీథెరపీ అంటారు. గ్రీకులో ఆ మొదటి ముక్కకి పొట్టి అని అర్థం, అంటే పక్కనే కూర్చుని చేసే వైద్యం అన్నమాట. అందరికీ పనికొచ్చేది కాదు. పనికొచ్చే వాళ్ళ విషయంలో మాత్రం సర్జనూ రేడియేషన్ డాక్టరూ ఆపరేషన్‌కి ముందే కూర్చుని మాట్లాడుకుని ఉండాలి. కుట్లు వేశాక ఎంత పెద్ద డాక్టరుని అడిగినా లాభం లేదు. మా వాదనంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే.

ముందు ఆ "కూడదు" ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. మన వైపు నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గకీ చిగురుకీ మధ్య సందులో వస్తుంది, సరిగ్గా గుట్కా, ఖైనీ దాచుకునే చోట. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవాళ్ళకి అంగిట్లో వస్తుంది. మొదటి విడతలో పుండుతో పాటు దవడలో కొంత, మెడలో గ్రంథులు తీసేసి, ఆ తర్వాత రోజుకు 2 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) చొప్పున 30 నుంచి 33 సార్లు, మొత్తం 60 నుంచి 66 గ్రే ఇస్తారు. ఆపరేషన్ లేకుండా కీమోతో కలిపి ఇచ్చేటప్పుడు 70 దాకా పోతుంది. ఆ మోతాదుని ఒళ్ళు మరిచిపోదు. వెన్నుపాము కొంత కోలుకుంటుంది, పూర్తిగా కాదు. దవడ ఎముకలో రక్తం పారడం తగ్గి, తర్వాతెప్పుడో పన్ను పీకించుకుంటే ఆ గుంట మానదు. మెడలో తలకి రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమని గోడ పెళుసెక్కుతుంది. చర్మం, కండరం చెక్కలా బిగుసుకుపోతాయి. బయటి మిషన్ నుంచి వచ్చే కిరణం గడ్డని చేరాలంటే వీటన్నిటినీ దాటుకునే పోవాలి. మళ్ళీ వద్దనడానికి కారణం అదే. కిరణం నడిచే దారి గురించిన అభ్యంతరం అది.

మరి కోసి తీసేస్తే సరిపోదా? కొందరికి సరిపోతుంది. స్వరపేటికలో చిన్న గడ్డ, చుట్టూ మంచి కణజాలంతో నిండుగా బయటికొస్తే ఇంకేమీ అక్కర్లేదు. కానీ కరెంటు తిన్న చోట తిరగబెట్టిన క్యాన్సర్ చాలాసార్లు ఒకే ముద్దగా ఉండదు. మచ్చ కట్టిన కణజాలం మధ్య అక్కడింత ఇక్కడింత దాక్కుని ఉంటుంది. వేలితో తడిమితే మచ్చా గట్టిగానే తగులుతుంది, గడ్డా గట్టిగానే తగులుతుంది. ఆపరేషన్ మధ్యలో, అప్పటికప్పుడు మైక్రోస్కోపులో చూసి చెప్పే ఫ్రోజెన్ సెక్షన్‌కి పంపేది అంచుల్లోంచి తీసిన కొన్ని ముక్కలే. గడ్డ చుట్టూ 5 మి.మీ. మంచి కణజాలం ఉంటే మార్జిన్ క్లియర్ అంటారు, తగ్గితే క్లోజ్ అంటారు. ధమని మీంచి ఒలిచి తీసిన గడ్డకి ఆ వైపు 5 మి.మీ. ఎక్కణ్ణుంచి తెస్తారు?

అలాగని ఆపరేషన్ అయ్యాక బయటి మిషన్‌తోనే మళ్ళీ పూర్తి విడత ఇస్తే ఏమవుతుందో ఫ్రాన్సులో పరీక్షించి చూశారు. 2008లో ఫలితాలు వచ్చాయి. సాల్వేజ్ సర్జరీ, అంటే తిరగబెట్టిన గడ్డ కోసం చేసే ఆపరేషన్, అయిన 130 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి కీమోతో కలిపి రేడియేషన్ మళ్ళీ ఇచ్చారు. రెండో గుంపుని కనిపెట్టుకుని ఉన్నారు, అంతే. చికిత్స పొందినవాళ్ళలో జబ్బు అదుపులో ఉన్న కాలం పెరిగింది. ఆయుష్షు మాత్రం పెరగలేదు, ఆలస్యంగా వచ్చే హానులు బాగా పెరిగాయి. ఈ ఫలితాన్ని చూపించి "అందుకే వద్దు" అనేవాళ్ళున్నారు. మేం దాన్ని ఇంకోలా చదువుతాం. మోతాదు పడితే జబ్బు లొంగుతోంది, ఆ మోతాదు చేరే దారే ప్రాణం తీస్తోంది. దారిని తగ్గిస్తే?

గొట్టాల లెక్క అక్కడ మొదలవుతుంది. మన దేశంలో రోజువారీ వాడకంలో ఉన్నది ఎక్కువగా ఇరిడియం-192 అనే రేడియోధార్మిక లోహంతో నడిచే, నిమిషాల్లోనే మోతాదు ఇచ్చేసే హెచ్‌డీఆర్ మిషన్. సోర్సు అనే బియ్యపు గింజ కన్నా చిన్న లోహపు ముక్క, సన్నటి స్టీలు కేబులు చివర అతికి ఉంటుంది. ఆ కేబులే గొట్టాల్లోకి పోయి వస్తుంది. అలాంటి ఒక్క ముక్క నుంచి 1 సెం.మీ. దూరంలో పడే మోతాదు 2 సెం.మీ. దగ్గరికి పోయేసరికి పావు వంతవుతుంది. గొట్టాలు పలకలా పక్కపక్కన పేర్చినప్పుడు పతనం ఇంత నిటారుగా ఉండదు. అయినా బయటి కిరణంతో పోలిస్తే ఎంతో మేలు.

అంకెల్లో చూస్తే ఇంకా తెలుస్తుంది. రోజుకు రెండుసార్లు, కనీసం 6 గంటల ఎడంతో, 4 గ్రే చొప్పున 8 సార్లు ఇచ్చామనుకోండి. కాగితం మీద 32 గ్రే. రోజుకు 2 గ్రే లెక్కలోకి మారిస్తే అది క్యాన్సర్ కణాలకి దాదాపు 37తో సమానం. ఎముక, నరం, ధమని లాంటి ఆలస్యంగా దెబ్బతినే కణజాలానికి అదే మోతాదు 45 అవుతుంది, ఎందుకంటే ఒక్కో విడత పెద్దదైన కొద్దీ వాటికి ఎక్కువ దెబ్బ. పాత 60కి ఈ 45 కలిపితే భయం వేయాల్సిందే. కానీ అదే కణజాలాన్ని మోతాదు సగానికి తగ్గే గీత దాకా జరపగలిగితే, దానికి విడతకు 2 గ్రే, మొత్తం 16 మాత్రమే పడతాయి. మోతాదు సగమే తగ్గింది, దెబ్బ మాత్రం మూడో వంతుకి దిగింది. కొద్ది మిల్లీమీటర్లలో అంత తేడా. అందుకే గొట్టానికీ ధమనికీ మధ్య ఒక కండరపు పొర పరచడం కోసం సర్జన్ అరగంట అదనంగా నిలబడితే, ఆ అరగంట వృథా పోదు.

ఇక అసలు వాదన. "ముందు బయాప్సీ రిపోర్టు రానివ్వండి, మార్జిన్ చూసి రేడియేషన్ సంగతి ఆలోచిద్దాం" అనడం మామూలు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. కానీ తీసిన గడ్డ పూర్తి రిపోర్టు, అందులోనూ ఎముక ఉంటే, వారం పైనే పడుతుంది. అప్పటికి గాయం మూసుకుపోయి, పైన ఫ్లాపు, అంటే వేరే చోటి నుంచి తెచ్చి కప్పిన కండరం, చర్మం, అతుక్కుని ఉంటుంది. మార్జిన్ క్లోజ్ అని తేలినా గొట్టాలు పెట్టే చోటే లేదు. మళ్ళీ తెరవడం కుదరని పని. చాలామంది గమనించని విషయం ఇంకొకటుంది. గొట్టాలు పెట్టినంత మాత్రాన రేడియేషన్ ఇచ్చి తీరాలని లేదు. అవి ఖాళీ గొట్టాలు. గాయం కుదురుకోవడానికి ఎలాగూ ఐదారు రోజులు ఆగాలి. ఈలోపు మార్జిన్ ముక్కల రిపోర్టు ముందుగా తెప్పించుకోవచ్చు. నిండుగా క్లియర్ అని వస్తే గొట్టాలు లాగేసి ఇంటికి పంపొచ్చు. క్లోజ్ అని వస్తే మోతాదు ఒకలా, పాజిటివ్, అంటే అంచులోనే క్యాన్సర్ ఉంది అని వస్తే ఇంకాస్త ఎక్కువగా నిర్ణయించుకోవచ్చు. రిపోర్టు కోసం ఆగాలనుకునేవాళ్ళు గొట్టాలు పెట్టుకుని ఆగాలి.

ఆపరేషన్ గదిలో ఆ పావుగంటా అరగంటా ఎలా గడుస్తుందో చెబుతాం. గడ్డ బయటికొచ్చింది. ఫ్రోజెన్ రిపోర్టు ఫోన్లో చెప్పారు. సర్జన్ వేలు పెట్టి చూపిస్తారు: ఇక్కడ అంటుకుని ఉంది, ఇక్కడ ధమని మీంచి ఒలిచాను, ఈ మూల నాకు నమ్మకం లేదు. ఆ అనుమానపు చోటు చుట్టూ నాలుగైదు టైటానియం క్లిప్పులు బిగిస్తారు. తర్వాత సీటీలో ఏది ఎక్కడో చెప్పేది అవే. రేడియేషన్ డాక్టరు స్టెరైల్ స్కేలు పెట్టి కొలుస్తారు. వెడల్పు 4 సెం.మీ. వచ్చిందనుకుందాం. గొట్టానికీ గొట్టానికీ మధ్య 1 సెం.మీ. ఎడం, అంటే 5 గొట్టాలు. ఒక్కోటి 2 మి.మీ. లావు. చర్మం బయటి నుంచి బోలు సూది గుచ్చి గాయంలోకి తెస్తారు. ఆ బోలులో గొట్టం దూర్చి, సూదిని వెనక్కి లాగేస్తారు. గొట్టం గడ్డ తీసిన చోట పరుచుకుని ఉంటుంది, చివర చర్మం బయట ఉంటుంది. కరిగే దారంతో అక్కడక్కడ వదులుగా ఒక ముడి, చర్మం దగ్గర ఒక బటన్, బటన్‌కి కుట్టు. ప్రతి గొట్టానికీ నంబరు. చర్మం దగ్గర మార్కరుతో గీత. బయటికి ఎంత పొడవుందో కొలిచి కేస్‌షీట్లో రాస్తారు.

ఇక్కడ తొందరపడితే ఏమవుతుందో తర్వాత తెలుస్తుంది. గొట్టాలు సమాంతరంగా లేక ఒక చివర దగ్గరికొస్తే అక్కడ మోతాదు పేరుకుని కణజాలం చచ్చిపోతుంది, రెండో చివర విచ్చుకుంటే మధ్యలో మోతాదు చాలని సందు మిగులుతుంది, జబ్బు అందులోంచే మళ్ళీ లేస్తుంది. గొట్టం చర్మానికి మరీ దగ్గరగా పోతే ఆ చర్మం నల్లబడి విచ్చుకుంటుంది. గాయంలో చేరే నీరు తీసే డ్రెయిన్ గొట్టాన్ని వీటి మీదుగా అడ్డంగా వేస్తే, మూడో రోజు డ్రెయిన్ లాగినప్పుడు ఇవీ కదులుతాయి. మూల మలుపు దగ్గర గొట్టం బాగా వంగితే లోపల కేబులు పోదు. ఈ చివరిది కుట్లు వేసేముందే డమ్మీ తీగ దూర్చి చూసుకోవచ్చు, ఒక్క నిమిషం పని.

పైన కప్పే ఫ్లాపు గురించి ఇంకాస్త చెప్పాలి. కరెంటు తిన్న మెడ చర్మాన్ని మళ్ళీ లాగి కుట్టి, దాని కింద రేడియేషన్ ఇస్తే ఆ కుట్టు నిలవడం కష్టం. కొత్త రక్తంతో వచ్చే కండరం కావాలి. ఛాతీ మీది పెక్టొరాలిస్ కండరాన్ని చర్మంతో సహా తిప్పి మెడకి తెచ్చే పద్ధతిని 1979లో వర్ణించారు. మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ అదే పెద్ద దిక్కు. తొడ నుంచో ముంజేతి నుంచో తెచ్చే ఫ్రీ ఫ్లాపు కూడా మంచిదే, కానీ దాని రక్తనాళపు అతుకు ఎక్కడుందో రేడియేషన్ డాక్టరుకి చూపించకుండా గొట్టాలు వేయకూడదు. సూది ఆ రక్తనాళపు కాడలో దిగితే ఫ్లాపు మొత్తం పోతుంది.

నాలుగో రోజు దగ్గర్లో సీటీ తీస్తారు. 3 మి.మీ. లేదా అంతకన్నా సన్నటి ముక్కలుగా, గొట్టాల్లో గుర్తు తీగలు పెట్టి. ఫిజిసిస్టు ప్రతి గొట్టంలో ఆ ఇరిడియం ముక్క ఎక్కడ ఎన్ని సెకన్లు ఆగాలో లెక్క కడతారు. ధమని దగ్గర తక్కువ సెకన్లు, అనుమానపు మూల దగ్గర ఎక్కువ. గోడలు మందంగా కట్టిన గదిలో రోగిని ఒంటరిగా పడుకోబెట్టి, గొట్టాలని మిషన్‌కి కలిపి, అందరూ బయటికొచ్చేస్తారు. ముందు డమ్మీ కేబులు పోయి దారి చూసొస్తుంది. ఎక్కడైనా ఆగితే అసలు కేబులు బయల్దేరదు. కొద్ది నిమిషాల పని, నొప్పి ఉండదు. మిషన్లో ఇరిడియం దాదాపు 74 రోజులకి సగం బలానికి తగ్గుతుంది కాబట్టి, కొత్త సోర్సు ఉన్నప్పుడు 5 నిమిషాలు పట్టేది పాతబడ్డాక 10 పడుతుంది. పక్క బెడ్డాయనకి త్వరగా అయిపోయింది, మాకెందుకు ఇంతసేపు అని కంగారు పడక్కర్లేదు. ఇంకో భయం కూడా అక్కర్లేదు. సోర్సు మిషన్లోకి వెనక్కి పోయాక రోగి ఒంట్లో రేడియేషన్ ఏమీ ఉండదు. మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవచ్చు.

ఇక్కడ జరిగే పొరపాట్లలో సాంకేతికంగా చిన్నదీ ఫలితంలో పెద్దదీ ఒకటుంది: మూడో నంబరు గొట్టాన్ని నాలుగో రంధ్రానికి తగిలించడం. ప్లాను ఎంత అందంగా వేసినా మోతాదు తప్పుడు చోట పడుతుంది. అందుకే ఇద్దరు వేర్వేరుగా నంబర్లు పైకి చదివి సరిచూడాలి. రెండోది కదలిక. ఆపరేషన్ వాపు దిగే కొద్దీ గొట్టం బయటి పొడవు మారుతుంది. ప్రతి విడతకి ముందు స్కేలు పెట్టి కొలవాలి, తేడా వస్తే మళ్ళీ సీటీ తీయాలి. నర్సు డ్రెస్సింగ్ మార్చేటప్పుడు టేపుతో పాటు గొట్టం లాగేసిన సందర్భాలు ఏ వార్డులోనైనా ఉంటాయి. ఇంకోటి, చెన్నైలో తెలుగువాళ్ళు పట్టించుకోవాల్సింది. ఇలాంటి ఆపరేషన్ల తర్వాత చాలామందికి వాపు కోసం గొంతుకి రంధ్రం పెట్టి ఉంటుంది, మాట రాదు. గదిలో మైకు ఉన్నా లాభం లేదు. కఫం అడ్డుపడితే ఏం చేయాలి? చెయ్యి పైకెత్తితే ఆపేయాలని, మొదటి విడతకి ముందే టెక్నీషియన్‌తో ఒప్పందం చేసుకోవాలి. ఆయన తమిళంలో చెబుతారు, పెద్దాయన తెలుగులో తల ఊపుతారు, ఇద్దరికీ అర్థమైందనుకుంటారు. సైగ ఒకసారి చేయించి చూడండి. మిషన్ మధ్యలో ఆపితే సోర్సు వెనక్కి పోతుంది, మిగిలిన సెకన్లు తర్వాత అక్కణ్ణుంచే ఇస్తారు, నష్టమేమీ లేదు.

గొట్టాలకి బదులు ఒంట్లోనే వదిలేసే గింజలూ ఉన్నాయి. అయోడిన్-125 సగానికి తగ్గడానికి 59 రోజులు, సీసియం-131కి పది రోజుల లోపు. వాటిని కరిగే జాలీకి కుట్టి గాయంలో పరుస్తారు. రోజుకు రెండు విడతల బాధ ఉండదు. అయితే రిపోర్టు వచ్చాక మనసు మార్చుకునే వీలూ ఉండదు, గర్భిణులనీ పసిపిల్లలనీ కొంతకాలం దూరంగా ఉంచాల్సి వస్తుంది. మన దగ్గర చేతికందేది హెచ్‌డీఆరే కాబట్టి దాని మీదే ఎక్కువ రాశాం. అసలు తమాషా ఏమిటంటే, ఆ మిషన్ చాలా పెద్దాసుపత్రుల్లో ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం వారమంతా నడుస్తూనే ఉంటుంది. గొట్టాలు వేసే చేతులూ లెక్క కట్టే ఫిజిసిస్టూ అక్కడే ఉన్నారు. లేనిది ఆ రోజు ఉదయం ఆపరేషన్ గదికి రమ్మనే ఫోను.

దీనికి వ్యతిరేకంగా గట్టి వాదన ఒకటుంది, దాటేయం. ఈ పద్ధతి మీద వచ్చిన ఫలితాలు చాలావరకు ఒక్కో ఆసుపత్రి తన రోగులని వెనక్కి తిరిగి చూసుకుని రాసినవే. ఎంచుకున్న రోగులు, చెయ్యి తిరిగిన బృందాలు. లాటరీ వేసి పోల్చిన పెద్ద పరీక్ష దన్నుగా లేదు. నిజమే. అందుకే అందరికీ అనడం లేదు. గడ్డ కెరోటిడ్‌ని చుట్టూ చుట్టేసినా, వెన్నెముక ముందు పొరకి పాకినా, ఊపిరితిత్తుల్లో మచ్చలున్నా, కంటికి కనపడేంత గడ్డ మిగిలిపోయినా గొట్టాలతో దాన్ని గెలవలేం. 5 మి.మీ. నుంచి 1 సెం.మీ. మందంలో మిగిలిన కంటికి కనపడని జబ్బు కోసమే ఈ పని. దూరపు మచ్చలు లేవని పెట్ స్కాన్ చెప్పాలి, రోగి కాస్త తిని, నడిచే స్థితిలో ఉండాలి. పొగాకు మానకపోతే గాయం మానదు.

చెన్నైకి వచ్చే ముందే చేయాల్సినవి కొన్ని. మొదటి రేడియేషన్ ఇచ్చిన ఆసుపత్రి నుంచి ఒక పేజీ సమ్మరీ తెచ్చుకుంటే చాలదు, ప్లాను మొత్తం డైకామ్ (వైద్య స్కాన్లు దాచే పద్ధతి) ఫైళ్ళుగా సీడీలోకి ఎక్కించుకుని రావాలి. పాత 60 గ్రే ధమని మీద ఎంత పడిందో ఆ ఫైలే చెబుతుంది. అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954 నుంచి ఉంది, తరమణిలో 2019 నుంచి ప్రోటాన్ కేంద్రం ఉంది, ఇంకా పెద్దాసుపత్రులు చాలా ఉన్నాయి. బోర్డుని బట్టి కాదు, ఒకటే ప్రశ్నని బట్టి ఎంచుకోండి: ఆపరేషన్ చేసే బిల్డింగులోనే బ్రాకీథెరపీ మిషన్ ఉందా, తల, మెడ రోగులకి వాడుతున్నారా? గొట్టాలు వేలాడుతున్న రోగిని రోజుకు రెండుసార్లు ఆటోలోనో అంబులెన్సులోనో వేరే చోటికి తిప్పడం కుదరదు. ఆపరేషన్‌తో కలిపి రెండు వారాలు పైనే ఉండాల్సి వస్తుంది, గది అద్దె ఆ లెక్కన చూసుకోండి. ఆంధ్రప్రదేశ్ వాళ్ళకి ఆరోగ్యశ్రీని 2019లో చెన్నై, బెంగళూరు ఆసుపత్రులకీ విస్తరించారు. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ఆపరేషన్‌కి అనుమతి వచ్చినంత మాత్రాన బ్రాకీథెరపీకి వచ్చినట్టు కాదు. రెండూ విడివిడిగా అడిగారో లేదో చేరేముందే ఆసుపత్రిలో ఆ పథకం డెస్కు దగ్గర ఆరోగ్యమిత్రని అడగండి.

గొట్టాలు తీసే రోజు అందరూ తేలిగ్గా తీసుకుంటారు. బయటి చివర శుభ్రం చేసి, బటన్ కుట్టు కత్తిరించి, మెల్లగా లాగుతారు. ధమనికి దగ్గరగా ఉన్నవాటిని వార్డులో కాకుండా ఆపరేషన్ థియేటర్లో, సర్జన్ పక్కన ఉండగా తీయాలి. ఆ తర్వాత ఇంటికి.

ఇంటికి వచ్చాక ఒక భయం మిగిలే ఉంటుంది. తల, మెడకి రెండోసారి రేడియేషన్ తీసుకున్న 1554 మంది లెక్కలు కలిపి చూసిన 2012 నాటి సమీక్షలో 41 మందికి కెరోటిడ్ పగిలింది, వాళ్ళలో నలుగురిలో ముగ్గురు పోయారు. నెలల తర్వాత కూడా జరగొచ్చు. చాలాసార్లు ముందు ఒక చిన్న హెచ్చరిక వస్తుంది. నోట్లోంచో, గాయంలోంచో, గొంతు రంధ్రంలోంచో కొద్దిగా ఎర్రటి రక్తం వచ్చి దానంతటదే ఆగిపోతుంది. ఆగిపోయింది కదా, పొద్దున్నే చూద్దాం అని పడుకోకూడదు. ఆ ఆగిన గంటలే ధమనిలో స్టెంటు వేయడానికో మూసేయడానికో ఉన్న సమయం. మళ్ళీ పారితే శుభ్రమైన గుడ్డ మడత పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కి పట్టాలి, ఎత్తి ఎత్తి చూడకూడదు. నెల్లూరు నుంచి చెన్నై 170 కిలోమీటర్ల పైమాటే. అందుకే డిశ్చార్జి రోజే రెండు ఫోన్ నంబర్లు రాయించుకోవాలి: రాత్రి రెండింటికి కూడా ఎత్తే డ్యూటీ డాక్టరుది ఒకటి, మీ ఊళ్ళోనే రక్తం ఎక్కించి, ఊపిరి గొట్టం వేసి పంపగలిగే ఆసుపత్రిది ఇంకొకటి. రెండూ రోగి మంచం దగ్గర గోడకి అంటించండి.